క్యాన్వాస్ ప్రింటును లాగి కట్టకుండా బోర్డుకు ఎట్ల ఎక్కించాలె: హాలియా తమ్ముని ప్రశ్నకు జవాబు

తమ్మీ, నువ్వు అడిగింది ఇదే కదా. నాగార్జునసాగర్ డ్యాం గేట్లు ఎత్తినప్పుడు నువ్వే తీసిన ఫోటోను హైదరాబాద్‌ల క్యాన్వాస్ మీద ప్రింటు కొట్టించినవ్, 24 ఇంచులు బై 36, చుట్టూ అర ఇంచు తెల్ల మార్జిన్ తప్ప ఇంకేం లేదు, ఫ్రేమ్ షాపాయన "దీన్ని చెక్కకు లాగి కొట్టనీకి బట్ట చాలదు" అన్నడు, ఇంకొకాయన డబుల్ సైడ్ టేప్ పెట్టి సన్‌బోర్డుకు అంటిస్తా అన్నడు. ఏది చేయాలె, లాగకుండా ఎక్కిస్తే నిలుస్తదా అని.

నిలుస్తది. నేను నల్లగొండల ఫ్రేమ్ పని చేస్తున్నోన్ని, లాగి కట్టుడు, బోర్డుకు ఎక్కించుడు రెండూ రోజూ చేసేదే, ఫోటో ప్రింటు వరకైతే బోర్డు మీద ఎక్కించుడే చాలాసార్లు మంచిదని నేనంటా. నీ ఫోటోకైతే ఇంకా మంచిది. ఎందుకంటే ఆ ఫోటోల 26 గేట్ల వరుస, పైన రోడ్డు, అంతా ఒకే తిన్నని అడ్డగీత. క్యాన్వాసును నాలుగు దిక్కుల నుంచి లాగి పిన్నులు కొడితే బట్ట అన్ని చోట్లా ఒక్క తీరుగ సాగదు, మధ్యల ఎక్కువ సాగుతది, మూలల దగ్గర తక్కువ, అప్పుడు ఆ గీత విల్లు లెక్క వంగుతది. పువ్వుల ఫోటోల, మనుషుల ఫోటోల ఇది కనపడదు గానీ డ్యాం, బిల్డింగ్, నీళ్ల అంచు ఉన్న ఫోటోల దూరం నుంచే పట్టిస్తది. బోర్డు మీద అంటిస్తే ప్రింటు మిషన్ల నుంచి ఎట్లొచ్చిందో అట్లనే ఉంటది.

మొదలు ఒక్క మాట గట్టిగ చెప్తా. జిగురుతోటి అంటించినంక మళ్ల తీయరాదు. ఫోటో ఫైలు నీ దగ్గర ఉంది కాబట్టి పర్వాలే, మళ్ల ప్రింటు తీసుకోవచ్చు. ఎవరైనా చేత్తోటి వేసిన పెయింటింగ్ ఉన్నోళ్లు, లేకపోతే మళ్ల దొరకని పాత క్యాన్వాస్ ఉన్నోళ్లు ఇది చదివి జిగురు డబ్బా పట్టుకోవద్దు, వాళ్లకు వేరే తోవ ఉంది, కింద చెప్తా.

ఇగ జిగురు గురించి అందరికీ ఉండే భయం ఏందంటే ఊడిపోతదేమో అని. నిజానికి క్యాన్వాస్ ఊడి చెడిపోయినయి తక్కువ, బోర్డు వంగి చెడిపోయినయే ఎక్కువ. తెల్ల జిగురుల, అంటే ఫెవికాల్ల, నీళ్లుంటయి. ఆ తడికి బట్ట జర ఉబ్బుతది, ఆరేటప్పుడు ముడుచుకుంటది, ముడుచుకుంటూ బోర్డును తనవైపు గుంజుతది. బోర్డు వెనకవైపు ఏం లేదనుకో, అటు గుంజేది లేదు కాబట్టి బోర్డు ముందుకు గిన్నె లెక్క వంగుతది. అందుకే వెనక కూడా అదే జిగురుతోటి ఏదన్నా అంటించాలె, ప్రింటు లేని క్యాన్వాస్ ముక్క దొరికితే అన్నిటికన్నా మంచిది, లేకపోతే మందం బ్రౌన్ పేపర్. ఇది చాలామంది వదిలేస్తరు, వెనక ఎవరు చూస్తరు అని. చూడనీకి కాదు అది, సమానంగ గుంజనీకి.

బోర్డు సంగతి. నీకు చెప్పిన సన్‌బోర్డు అనేది పీవీసీ ఫోమ్, తేలికగ ఉంటది, చెదలు పట్టదు, నీళ్లకు ఉబ్బదు, అన్నీ నిజమే. కానీ వేడికి మెత్తబడుతది. మన దిక్కు ఏప్రిల్ మే నెలల ఎండ 42, 44 దాటిపోతది, పడమటి గోడ రాత్రి దాకా కాలుతనే ఉంటది, అసొంటి గోడకు 5 ఎంఎం సన్‌బోర్డు తగిలిస్తే ఒక ఎండకాలంల నడుం వంగిపోతది. మిర్యాలగూడ దిక్కు ఒకాయన రైసు మిల్లు ఆఫీసుల పెట్టుకున్నది ఇట్లనే అయ్యి నా దగ్గరికి తెచ్చిండు, రెండు మూలలు గోడ నుంచి రెండు వేళ్ల మందం ముందుకొచ్చినయి, టేపు మధ్యల వదిలి క్యాన్వాస్ అలలు అలలుగ లేచింది. దాన్ని ఏం చేయనీకి రాలే, ఇంకో ప్రింటు తెప్పించుకున్నడు. ఏసీ గదిల, చిన్న సైజుల, 12 బై 18 లోపల అయితే సన్‌బోర్డు వాడుకోవచ్చు. నీ సైజుకు వద్దు.

ప్లైవుడ్ కూడా వద్దు, మంచిది దొరికితే తప్ప. మామూలు కమర్షియల్ ప్లై మీద చెక్క పొరల గీతలు, చిన్న చిన్న గుంటలు ఉంటయి, క్యాన్వాస్ అంటించి పక్క నుంచి లైటు పడితే అవన్నీ ఆకాశంల తేలుతయి. నీ ఫోటోల సగం ఆకాశమే కదా.

నేను చెప్పేది 6 ఎంఎం ఎండీఎఫ్, అంటే చెక్క నూగును జిగురుతోటి నొక్కి చేసిన బోర్డు. నున్నగ ఉంటది, జిగురును మంచిగ పట్టుకుంటది, నల్లగొండల, మిర్యాలగూడల ప్లైవుడ్ షాపులల్ల 8 బై 4 షీటు నుంచి కోసి ఇస్తరు. నీ సైజుకు బరువు రెండున్నర కిలోల కాడికి వస్తది, రెండు మేకులకు భారం కాదు. 12 ఎంఎం తీసుకుంటే ఐదు కిలోలయితది, అవసరం లేదు. ఎండీఎఫ్‌కు ఒక్కటే రోగం, తడి. అంచుల నుంచి తడి పీల్చి ఉబ్బుతది. వానకాలంల బయటిగోడ లోపలి దిక్కున చెమ్మ వస్తే అట్ల తగిలించిన బోర్డు చెడిపోతది, అందుకే అంచులు మూసుడు, వెనక గాలి ఆడనిచ్చుడు చేయాలె, అది చివర్ల చెప్తా.

ఏసీపీ షీటు అంటే అల్యూమినియం రేకులు రెండు, మధ్యల ప్లాస్టిక్, షాపుల ముందర బోర్డులకు వాడుతరు చూడు, అది కూడా గొప్పగ ఉంటది, వంగదు, తడికి ఏం కాదు. కానీ దానికి తెల్ల జిగురు పనికిరాదు. ఎందుకంటే ఆ జిగురు ఆరాలంటే అందులోని నీళ్లు ఎటన్నా పోవాలె, ఎండీఎఫ్ అయితే చెక్క పీల్చుకుంటది, ఏసీపీ రేకుల నుంచి పోదు, పైన క్యాన్వాస్‌కు వార్నిష్ ఉంటే అటూ పోదు. మధ్యల ఇరుక్కున్న నీళ్లు రోజుల తరబడి అట్లనే ఉండి బుడగలు లేస్తయి. ఏసీపీ అంటే కోల్డ్ లామినేషనే. ఫ్లెక్సీ షాపుల రబ్బరు రోలర్ల మిషన్ ఉంటది, రెండు దిక్కుల గమ్ ఉన్న ఫిల్మ్ పెట్టి నొక్కి బోర్డుకు ఎక్కిస్తరు. ఇది కూడా మంచి పద్ధతే, నీళ్లు లేవు, వంగుడు లేదు, నీకు చేతిపని వద్దనుకుంటే ఇదే చేయించు. కాకపోతే ఒకటి అడుగు, ఆ ఫిల్మ్ గమ్ మందం ఎంత అని. క్యాన్వాస్ వెనక నున్నగ ఉండదు, దారాల ఎత్తుపల్లాలుంటయి, పేపర్ ఫోటోలకు వాడే పల్చ గమ్ పెడితే దారాల పైభాగం మాత్రమే ఆనుతది, కొన్ని నెలలకు అంచులు లేస్తయి. గట్టి గమ్, మందం గమ్ ఉన్నదే కావాలె. నొక్కినంక ఒక రోజు పడుకోబెట్టి ఉంచాలె, వెంటనే నిలబెట్టొద్దు.

డబుల్ సైడ్ టేప్ చుట్టూ వేసి అంటిస్తా అన్నాయనకు మర్యాదగ వద్దని చెప్పు. అంచులు పట్టుకుంటయి, మధ్యల పట్టుకునేది లేదు, ఎండకు టేప్ మెత్తబడి జారుతది. సోఫా ఫోమ్‌కు, డెకోలంకు వాడే పసుపు రబ్బరు జిగురు కూడా వద్దు. దానిల ఘాటు సాల్వెంట్ ఉంటది, క్యాన్వాస్ కన్నాలల్ల నుంచి పైకొచ్చి ప్రింటు కోటింగును పాడుచేయొచ్చు, పైగా ఆనిందంటే ఆనింది, ఒక్క ఇంచు జరపనియ్యదు. మైదా గంజి అంటరు పెద్దోళ్లు, పాత రోజులల్ల పటాలు అట్లనే కట్టిండ్రు నిజమే, కానీ గంజికి పురుగు వస్తది, వానకాలం బూజు వస్తది. ఇస్త్రీ పెట్టెతోటి వేడిచేసి అంటించే షీట్లు కూడా ఉన్నయి, పెద్ద ప్రెస్ మిషన్ మీద సరైన వేడి పెడితే మంచిగనే వస్తది, ఇంట్ల ఇస్త్రీ పెట్టెతోటి అయితే ఒకచోట మాడుతది ఒకచోట అంటదు, ఆ పని వద్దు.

సరే, ఇంట్లనే చేస్తా అంటే ఎట్లనో చెప్తా, తెల్ల ఫెవికాల్, 6 ఎంఎం ఎండీఎఫ్ లెక్కన.

ప్రింటు వచ్చిన రోజే పని పెట్టుకోవద్దు. ఎకో సాల్వెంట్ ఇంకు (నీళ్లకు బదులు సాల్వెంట్‌తోటి చేసింది) అయితే దాని వాసన పోయేదాకా కనీసం ఒక రోజు, రెండు రోజులైతే ఇంకా మంచిది, విప్పి ఆరబెట్టాలె. నీళ్ల ఇంకు అయితే తెల్ల మార్జిన్ పక్కన ఇంకు ఉన్న అంచు మీద తడి ఇయర్‌బడ్ పెట్టి మెల్లగ రుద్ది చూడు, రంగు అంటిందంటే పైన వార్నిష్ లేదన్నట్టు. అప్పుడు ముందుగాల నీళ్లతో కలిసే క్లియర్ అక్రిలిక్ వార్నిష్ రెండు పల్చటి చేతులు వేయాలె, ఒకటి ఆరినంక ఒకటి, దుమ్ము లేని గదిల, ఫ్యాన్ బంద్ చేసి. వార్నిష్ ముందే వేస్తే తర్వాత రోలర్ నొక్కినప్పుడు గీతలు పడవు, జిగురు మరక పడ్డా తుడిచేయొచ్చు. కొన్ని షాపులు వార్నిష్ వేసే ఇస్తయి, అడిగి తెలుసుకో.

ట్యూబుల చుట్టుకొని వచ్చిన క్యాన్వాస్ వంపు తీయాలె. శుభ్రమైన కాటన్ బట్ట మీద బొమ్మ కిందికి పెట్టి, పైన ప్లై ముక్క, దాని మీద బరువులు, ఒక రోజు. ఎదురు దిక్కు గట్టిగ చుట్టి వంపు తీద్దామనుకోవద్దు, బొమ్మ లోపలికి పెట్టి గట్టిగ చుడితే కోటింగుల సన్న పగుళ్లు వస్తయి.

బోర్డును బొమ్మ కన్నా నాలుగు దిక్కుల రెండు మూడు ఎంఎం చిన్నగ కోయించు. ఎందుకంటే అంటించినంక మిగిలింది కత్తిరిస్తే అంచు దాకా బొమ్మే ఉంటది, తెల్ల గీత కనపడదు. నీకు అర ఇంచు మార్జిన్ ఉంది కదా, లాగనీకి చాలదు గానీ దీనికి ఎక్కువే. కోయించినంక 180 నంబర్ ఎమరీ పేపర్‌తోటి అంచులు, మొఖం మీద మెల్లగ రుద్ది, దుమ్ము తుడిచి, ఫెవికాల్ల నీళ్లు కలిపి పల్చగ చేసి రెండు వైపులా, అంచులకు కూడా ఒక చెయ్యి వేసి ఆరనియ్యి. ఇది వేయకపోతే ఎండీఎఫ్ దాహం మీద ఉన్నట్టు అసలు జిగురును తాగేస్తది, పట్టు పోతది. ఇక్కడ ఆయిల్ ప్రైమర్, ఎనామిల్ వేయొద్దు, వేస్తే ఏసీపీకి చెప్పిన తిప్పలే వస్తది, నీళ్లు పోయే తోవ మూసుకుంటది. ఆరినంక లేచిన నూగును ఇంకోసారి ఎమరీతోటి దించు.

ఇప్పుడు అసలు పని. ఇది ఇద్దరు చేయాలె, ఒక్కనివి చేయొద్దు. బోర్డు మీద క్యాన్వాసును పొడిగనే పరిచి సరిచూసుకో, డ్యాం గీత బోర్డు కింది అంచుకు సమానంగ ఉందో లేదో రెండు చివర్ల స్కేలు పెట్టి కొలువు, కంటితోటి కాదు. మార్జిన్ మీద, బోర్డు అంచు మీద పెన్సిల్ గుర్తులు పెట్టుకో. సరిగ్గ కుదిరినంక ఎడమ సగం మీద బట్ట వేసి బరువు పెట్టి, కుడి సగాన్ని మెల్లగ వెనక్కి మలుపు, మడత పడకుండ పెద్ద గుండ్రంగ. తెరుచుకున్న కుడి సగం బోర్డు మీద ఫెవికాల్ పోసి, జర నీళ్లు కలిపింది, ఫోమ్ రోలర్‌తోటి పల్చగ, అంచుల దాకా. జిగురు బోర్డుకే రాయాలె, క్యాన్వాస్‌కు కాదు, బట్ట ఎంత తక్కువ తడిస్తే అంత మంచిది. ఎంత పల్చగ అంటే, లైటు వాలుగ పడితే అంతా ఒకే తీరుగ తడి మెరుపు కనపడాలె, తెల్లగ కుప్పలు, రోలర్ అంచు గీతలు ఉండొద్దు. ఆ గీతలే తర్వాత ఫోటో మీద నరాలు లెక్క తేలుతయి. ఎండకాలంల ఐదు నిమిషాలకే పొర కడుతది, అందుకే ఒక్కసారి మొత్తం రాయకుండ సగం సగం చేసేది. పొద్దుగాల చల్లటి పూట పెట్టుకో, ఫ్యాన్ వద్దు.

రాసినంక మీ తోడు ఉన్నాయన క్యాన్వాస్ చివరను ఎత్తి పట్టుకోవాలె, లాగొద్దు, ఊరికె పైకి పట్టుకోవాలె. నువ్వు మధ్య నుంచి మొదలుపెట్టి, పైన బటర్ పేపర్ వేసి, గట్టి రబ్బరు రోలర్‌తోటి మధ్య నుంచి అంచులకు నొక్కుకుంట పో, నువ్వు ఎంత దూరం నొక్కితే ఆయన అంత దించాలె. గాలి ముందుకు తోసుకపోవాలె, వెనక ఉండిపోవొద్దు. ఆ సగం అయినంక బరువు తీసి ఎడమ సగం అట్లనే. అంచుల నుంచి జిగురు బయటికొస్తే తడి బట్టతోటి అప్పుడే తుడువు. వెంటనే బోర్డు తిరగేసి, కింద శుభ్రమైన బట్ట పరిచి, వెనకవైపు క్యాన్వాస్ ముక్కో బ్రౌన్ పేపరో అదే జిగురుతోటి అదే తీరుగ. రేపు చేద్దాంలే అనుకోవద్దు, రేపటికి బోర్డు వంగుడు మొదలుపెట్టి ఉంటది.

బుడగలున్నయా లేదా కంటికి ఎదురుంగ చూస్తే తెలవదు. గదిల లైటు తీసి, ఫోన్ టార్చిని క్యాన్వాసుకు దాదాపు ఆనించి పక్క నుంచి కొట్టు, బియ్యపు గింజంత ఉబ్బు ఉన్నా నీడ పడుతది. ఆరినంక అయితే గోరుతోటి తట్టి విను, అంటిన చోట గట్టి చప్పుడు, అంటని చోట డొల్ల చప్పుడు వస్తది. డొల్ల ఉంటే ఇన్సులిన్ సిరంజిల పల్చ జిగురు తీసుకొని దారానికి దారానికి మధ్యల సన్నసూది దించి ఒక చుక్క వదిలి, బటర్ పేపర్ వేసి నొక్కి బరువు పెట్టు, సూది కన్నం నేతల కలిసిపోతది.

రాత్రికి పైన పాత మెత్తటి కాటన్ దుప్పటి రెండు మడతలు, దాని మీద చదునైన ప్లై, దాని మీద అంతటా సమానంగ బరువు. బటర్ పేపర్ అట్లనే ఉంచి బరువు పెట్టొద్దు, తడి పోదు. 24 గంటలు, వానకాలం అయితే 48. తర్వాత బొమ్మ కిందికి పెట్టి, కొత్త బ్లేడుతోటి బోర్డు అంచుకు ఆనించి మిగిలిన మార్జిన్ కోయి, ఒకే గుంజుడుకు కాదు, రెండు మూడు మెల్లటి గీతలకు. మూలల దగ్గర బయట నుంచి లోపలికి కోయి, లేకపోతే దారాలు వస్తయి. కోసిన అంచుకు వేలితోటి పల్చ ఫెవికాల్ రుద్దు, ఆరితే కనపడదు, దారాలు పట్టుకుంటది. దాని మీద నల్ల అక్రిలిక్ రంగు వేస్తే అంచు కూడా మూసుకుంటది, చూడనీకి కూడా పని పూర్తయినట్టుంటది.

తగిలించనీకి బోర్డు వెనక అంచు నుంచి రెండు ఇంచుల లోపలికి ఇంచు మందం చెక్క పట్టీలు నాలుగు చట్రం లెక్క అంటించు, బోర్డు గట్టిపడుతది, గోడ నుంచి ఇంచు ముందుకు తేలినట్టు కనపడుతది, వెనక గాలి ఆడుతది. లేదంటే కార్పెంటర్‌తోటి ఒక పట్టీని నిలువున 45 డిగ్రీల వాలుకు రెండుగ కోయించి ఒకటి గోడకు, ఒకటి బోర్డుకు, ఒకదాని మీద ఒకటి కూర్చుంటది, లెవెల్ ఎప్పుడూ తప్పదు. చుట్టూ ఫ్రేమ్ కావాలంటే బోర్డుకు ఫ్రేముకు మధ్యల ఐదారు ఎంఎం ఖాళీ వదిలే ఫ్లోటర్ ఫ్రేమ్ అడుగు. అద్దం మాత్రం పెట్టించొద్దు, క్యాన్వాస్ నేత కనపడాలనే కదా క్యాన్వాస్ మీద కొట్టించింది.

ఇగ జిగురే వద్దు అనుకునేటోళ్లకు, పైన చెప్పిన మళ్ల దొరకని ప్రింటు ఉన్నోళ్లకు. బడిల గోడకు వేలాడే పటాలు చూసిండ్రు కదా, పైనా కిందా కర్ర. అట్లనే రెండు రెండు చెక్క పట్టీల మధ్యల క్యాన్వాస్ అంచును పెట్టి స్క్రూలతోటి బిగించి, పైన తాడు కట్టి తగిలిస్తే అయిపోతది. కింది కర్ర బరువుకు క్యాన్వాస్ తనంతట తానే నిటారుగ నిలుస్తది, ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి చుట్టి దాచుకోవచ్చు, బొమ్మ బయటికి వచ్చేటట్టు పెద్ద గొట్టానికి చుట్టి. దీనికి పైనా కిందా మార్జిన్ ఒక ఇంచన్నా ఉండాలె, ప్రింటు ఇచ్చేటప్పుడే చెప్పాలె. చేత్తో వేసిన పెయింటింగ్ ఉంటే మాత్రం ఇది కూడా వద్దు, దాన్ని తెలిసిన ఆర్టిస్టు దగ్గర చూపించుండ్రి.

నీకు సంబంధించినంత వరకు, ప్రింటు షాపుకు ఫోన్ చేసి ఇంకు ఏ రకం, వార్నిష్ వేసిండ్రా లేదా రెండు అడుగు. తగిలించే గోడ ఏ దిక్కుదో కూడా రాయి. పడమటి గోడ అయితే, వేరే గోడ లేకపోతే, ఎండీఎఫ్ కాకుండ ఏసీపీ కోల్డ్ లామినేషన్ చేయించుమని చెప్తా, అప్పుడు బోర్డు కొలత లెక్క జర మారుతది.